నాలుగు టిల్డేల సంతకం

"మీదే ఊరు?" అనడిగితే మా నాయన ఒక పట్టాన జవాబు చెప్పేవాడు కాదు. పుట్టింది ఒకచోట, డ్యూటీ బిట్రగుంటలో. మా రైల్వే క్వార్టర్సులో అందరిదీ అదే వరస. పక్కింటివాళ్లది గోదావరి వైపు, ఎదురింటివాళ్లు తమిళులు, రెండు వీధుల అవతల ఆంగ్లో ఇండియన్లు. బొగ్గింజన్ల లోకోషెడ్డు లేకపోతే వీళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లే కాదు. పిలుపులూ పనిని బట్టే ఉండేవి: గార్డుగారు, ఫిట్టరు మామ, ఫైర్‌మన్ గారి పిల్లోడు. ఆ పిల్లోణ్ణి నేనే.

అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. నాయన నిద్రకళ్లతోనే, అతని లాంతరు వెలుగులో కాల్‌బుక్కు మీద సంతకం పెట్టి టైము వేసేవాడు. సంతకం పడిందంటే ఇక బండికి ఆయన పూచీ. ఇంటిపేరేమిటో, ఏ ఊరి నుంచి వచ్చాడో ఆ పుస్తకానికి అక్కర్లేదు.

ఇప్పుడిదంతా గుర్తు రావడానికి కారణం తెలుగు వికీపీడియా. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరు 10న మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఈమధ్య నేనూ చెయ్యి పెడుతున్నాను. రాసేవాళ్లని అక్కడ 'వాడుకరి' అంటారు. సొంత పేరే పెట్టుకోవాలని లేదు.

మొదట మా ఊరి పేజీకే వెళ్లాను. ఇంత అందమైన రైల్వే కాలనీ ఆంధ్రదేశంలోనే లేదని రాసేశాను. తెల్లారేసరికి ఆ వాక్యం లేదు. 'చరిత్ర' నొక్కి చూస్తే తీసేసినవారి పేరు, సమయం, పక్కనే "ఆధారం లేదు" అన్న ముక్క కనిపించాయి. ఒళ్లు మండింది. మా ఊరి సంగతి నాకొకరు చెప్పాలా అని చర్చాపేజీలో దులిపేశాను. నిదానంగా జవాబొచ్చింది: "మీరు చెబుతున్నది ఏ బిట్రగుంట గురించండీ?"

నిజమే. రైలు ఆగేది ఒక బిట్రగుంట. ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఉండేది కొండబిట్రగుంట. జరుగుమల్లి వైపు కె.బిట్రగుంట వేరే. ఇలాంటి చిక్కు విప్పడానికి వికీలో ప్రత్యేకంగా పేజీలుంటాయి, వాటి పేరు 'అయోమయ నివృత్తి'. ఆ రోజు అది అవసరమైంది నాకే.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పుట్టుకే టికెట్టు. కొత్తవాడు నమస్కారం పెట్టేలోపే "ఎవరబ్బాయి?" అంటారు. వికీలో ఆ టికెట్టు చెల్లదు. అక్షరదోషం సరిచేశావా, 'మొలక' వ్యాసానికి నాలుగు లైన్లు చేర్చావా, అంతే. 1990ల్లో అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చున్న మనవాళ్లూ అలాగే దగ్గరయ్యారు. ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకోవడానికి రైస్ యూనివర్సిటీలో ఆర్‌టీఎస్ పద్ధతి పుట్టింది. చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. ఆ తేడా వేలికి అలవాటైనవాడల్లా వాళ్లకు సొంతవాడే.

వికీలో ముసుగు పేర్ల చాటున రాళ్లేసేవాళ్లు లేకపోలేదు. కానీ ఎవరు విసిరినా ఆ రాయి కూడా చరిత్రలో సమయంతో సహా ఉంటుంది.

ఒక్కటే గుబులు. బొగ్గింజన్లు పోయాక మా క్వార్టర్సు జనం తలో దిక్కూ వెళ్లిపోయారు. పనితో కలిసిన ఊరు, పని పోతే చెదిరిపోయింది. రాసేవాళ్లు మానేస్తే వికీ గతీ అంతే కదా?

నిన్న రాత్రి, ఎన్నడూ చూడని ఊరి పేజీలో మండలం పేరు తప్పుంటే దిద్ది, ఎందుకు మార్చానో చర్చాపేజీలో రాశాను. చివర నాలుగు టిల్డేలు (~~~~) కొడితే పేరు, తేదీ, సమయం వాటంతటవే పడ్డాయి. గోడ గడియారం పన్నెండు దాటింది. తలుపు కొట్టి లేపినవాళ్లెవరూ లేరు.