షాట్ తప్పాక మొదలయ్యే ఆట

ఇరవై సెకన్లు బ్రహ్మాండంగా కాపు కాశారు. దారివ్వలేదు, తేలిక షాట్ వదల్లేదు. చివరికి అవతలివాడు విసుగెత్తి దూరం నుంచే బంతి విసిరేశాడు. అది రింగుకు తగిలి పైకి లేచింది. మనవాళ్లు ఐదుగురూ తలలెత్తి దాన్నే చూస్తున్నారు. వెనక నుంచి దూసుకొచ్చిన ప్రత్యర్థి దాన్ని గాల్లోనే అందుకుని బోర్డుకేసి వేసేశాడు. రెండు పాయింట్లు! విజయవాడ చుట్టుపక్కల స్కూలు, కాలేజీ పోటీల్లో ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఓడిపోయాక తిట్లు మాత్రం షూటర్లకు పడతాయి.

1891లో జేమ్స్ నైస్మిత్ అమెరికాలో పుట్టించిన బాస్కెట్‌బాల్‌ను మన దేశానికి తెచ్చింది వైఎంసీఏ. మద్రాసులో 1920లో మొదలైన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాది డ్రిల్లు మాస్టార్లకు పుట్టినిల్లు లాంటిది. బెజవాడలో ఆంధ్ర లయోలా వంటి పెద్ద ఆవరణలున్న కాలేజీలు ఈ ఆటకు చోటిచ్చాయి. అయితే డ్రిబ్లింగూ లేఅప్పూ నేర్పినంత శ్రద్ధగా రీబౌండ్, అంటే తప్పిన షాట్ బంతిని అందుకోవడం, నేర్పడం తక్కువ. 'మనవాళ్లు పొట్టి, ఏం చేస్తాం' అన్నది సిద్ధంగా ఉండే జవాబు.

ఆ జవాబు నాకు ఒప్పుదల కాదు. రింగు 3.05 మీటర్ల ఎత్తులో ఉన్నా, తప్పిన బంతుల్లో చాలావరకు కిందికి దిగాకే చేతికి చిక్కుతాయి. అప్పుడు గెలిచేది ముందుగా చోటు పట్టినవాడు. ఎన్‌బీఏలో 1991-92 నుంచి వరుసగా ఏడు సీజన్లు రీబౌండ్ల సగటులో మొదటి స్థానంలో నిలిచిన డెనిస్ రాడ్‌మన్ ఎత్తు సుమారు 201 సెంటీమీటర్లు. అక్కడి ఏడడుగుల వాళ్ల మధ్య అది పొట్టే. ఎవరి షాట్ ఎలా తిరుగుతుందో, తప్పితే ఎటు పడుతుందో అతను పనిగట్టుకుని గమనించేవాడు.

కిటుకంతా బాక్స్ అవుట్‌లో ఉంది. షాట్ లేవగానే కన్ను బంతి మీదికి పోతుంది. పోనివ్వకూడదు. ముందు మనం కాపు కాస్తున్న ప్రత్యర్థి ఎక్కడున్నాడో చూడాలి. ఒక అడుగు అతని వైపు వేసి, ముంజేత్తో తాకి ఆనవాలు పట్టాలి. ఆ కాలి మీదే గిర్రున తిరిగి వీపు అతనికి ఆనించాలి. పాదాలు భుజాల కంటే వెడల్పుగా, మోకాళ్లు బాగా వంచి, మోచేతులు పక్కలకు, అరచేతులు పైకి. అతను కుడికి జరిగితే నడుముకు తెలుస్తుంది, మనమూ జరుగుతాం. ఒకటి రెండు సెకన్లు ఆపితే చాలు. ఆ తర్వాతే బంతి మాట. ఇక్కడ రూలు కూడా మనకే అనుకూలం. న్యాయంగా చోటు పట్టినవాడిని వెనక నుంచి నెడితే ఫౌల్ నెట్టినవాడిదే. కాకపోతే మనం పిరుదులతో వెనక్కి తోసుకుంటూ పోయినా ఫౌలే. చోటు నిలుపుకోవాలి గానీ ఆక్రమించకూడదు.

డెల్టా ఊళ్ల పిల్లల్లో ఒక తేడా కనిపిస్తుంది. కబడ్డీ ఆడి వచ్చినవాడికి కింద కూర్చున్నట్టు నిలబడటం, ఒంటికి ఒళ్లు తగిలితే జంకకపోవడం అలవాటే. వాడికి బాక్స్ అవుట్ ఒక పూటలో వస్తుంది. వాలీబాల్ పిల్లాడు చక్కగా ఎగురుతాడు గానీ అరచేత్తో బంతిని కొట్టేస్తాడు. అది మళ్లీ ఎవరికో దొరుకుతుంది. రెండు చేతులా పట్టి, గడ్డం కిందికి లాక్కుని, రెండు కాళ్ల మీద దిగడం వాడికి విడిగా నేర్పాలి. దిగాక గుంపులోకి కాకుండా సైడ్‌లైన్ వైపు తిరిగి పాస్ ఇవ్వాలి. మోచేతులు విసరకూడదు.

మే నెల ఎండల్లో సిమెంటు కోర్టు మీద ఊపిరి మిగుల్చుకోవడానికి చాలా జట్లు మనిషిని కాకుండా చోటును కాపు కాసే జోన్ డిఫెన్స్‌కు దిగుతాయి. అసలు తిప్పలు అక్కడే. ఎవరి మనిషి ఎవరో ఖాయం లేదు కాబట్టి ఎవరూ ఎవరినీ ఆపరు. 2-3 జోన్‌లో వెనక ముగ్గురూ రింగు చుట్టూ త్రికోణంలా నిలిచి, తమ మేరలోకి వచ్చిన వాడిని వీపున పెట్టుకోవాలి. ముందున్న ఇద్దరు ఫ్రీ త్రో గీత దగ్గర ఉండాలి, దూరపు షాట్లు దూరంగానే ఎగిరి పడతాయి కనుక. మూల నుంచి వేసిన షాట్ తప్పితే తరచూ అవతలి పక్కకు పోతుంది. ఆ పక్క ఖాళీగా వదిలితే అంతే సంగతులు.

సాధనకు పెద్ద సరంజామా అక్కర్లేదు. కోర్టు మధ్య వలయంలో బంతి పెట్టి, ఒకరిని లోపల, ఒకరిని బయట నిలబెట్టండి. విజిల్ నుంచి ఐదు సెకన్ల పాటు లోపలివాడు బయటివాడిని బంతి ముట్టుకోనివ్వకూడదు. తర్వాత ముగ్గురికి ముగ్గురు ఆట. డిఫెన్స్ రీబౌండ్ పట్టేదాకా కోర్టు దిగడానికి వీల్లేదు.

మ్యాచ్ స్కోరుషీటులో పాయింట్లుంటాయి, ఫౌళ్లుంటాయి, టైమవుట్లుంటాయి. రీబౌండ్లకు గడి లేదు. రాయనిదాన్ని పిల్లలు పట్టించుకోరు. అందుకని బెంచీ మీది కుర్రాడికి ఒక నోటుబుక్కు ఇవ్వాలి. బంతి ఎవరికి దొరికిందన్నది ఒక వరుస. షాట్ లేచినప్పుడు ఎవరు వెనక్కి తిరిగి మనిషిని ఆపారన్నది ఇంకో వరుస. విరామంలో కోచ్ ముందుగా ఆ రెండో వరుసే చదవాలి, ఆ తర్వాతే ఎవరిని దించాలో చెప్పాలి.