షేరంటే వాటా కాదా?

సోషల్ మీడియాలో పేరు పడితే చాలు, పని వెతుక్కుంటూ అదే వస్తుందని మన చదువుకున్నోళ్లు కూడా నమ్ముతున్నారు. కులం అడ్డుపడని మార్కెట్టు అదేనట. పాలమూరు కిన్నెరను ముందు పెట్టుకొని ఈ నమ్మకాన్ని చూడాలి.

దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా (పాత పాలమూరే) అవుసలికుంట. డక్కలి కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుకుంటూ ఊర్లు తిరిగిన మనిషి. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ పాట యూట్యూబ్‌కెక్కంగనే ఆ గొంతు లక్షల ఫోన్లలో మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. కోటి రూపాయలు, ఇంటి జాగా ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన తుర్కయాంజాల్‌లో కూలిపని చేస్తున్న వీడియో మళ్లీ అవే ఫోన్లలో తిరిగింది. 600 గజాల జాగా కాయితాలు చేతికొచ్చింది ఆ తర్వాత ఆగస్టులో. పాటా షేరయింది, కూలీ షేరయింది. పని మాత్రం దొరకలేదు.

డక్కలోళ్లకు నెట్‌వర్క్ కొత్తదేం కాదు. ఏ మాదిగవాడ ఏ డక్కలి కుటుంబానిదో ముందే తెలుసు. వాళ్లొచ్చి జాంబపురాణం చెప్పేది, వంశాలు ఒప్పజెప్పేది. విన్న వాడ గింజలో పైసలో ఇచ్చుకోవాల్సిందే. అది భిక్షం కాదు, హక్కు. ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి: ఆ హక్కు ఒప్పుకున్న మాదిగవాడే డక్కలోణ్ణి ఇంట్లోకి రానియ్యలేదు, వాడ బయటే దించింది. దళితుల్లోనూ మెట్లున్నయి, కిన్నెరకే కాదు. ఆ ఏర్పాటు తిరిగి రావాలని ఎవరూ కోరరు. కానీ విన్నోడు బాకీ పడతాడన్న ఎరుక దాంట్లో ఉండె. ఫోన్లో వేలు తాకించి పాటను పక్కోడికి తోసేసినోడికి ఏ బాకీ లేదు.

యూట్యూబ్ ప్రకటనల పైసలు చానెల్ ఎవరి పేర ఉంటే వాళ్లకు, పాట హక్కులు ఎవరివైతే వాళ్లకు పోతయి. ఈ రెండూ లేని గాయకుడికి ముందు మాట్లాడుకున్న కూలే మిగిలేది. సినిమా కంపెనీలను తిట్టడం సులువు. మన పరిశోధకుల సంగతేంది? నల్లగొండ, పాలమూరు వాడల్లో రికార్డు చేసుకొచ్చిన పాటలు ఎవరి ఖాతాలో పడుతున్నయి? వీడియో కింద ఎక్కించినోడి డిగ్రీ ఉంటది, విశ్వవిద్యాలయం ఉంటది. పాడినామె ‘ఒక జానపద కళాకారిణి’. పేరు లేదు, ఊరు లేదు. బడిలోనో సభలోనో పాడించుకుందామనుకున్నోడు ఫోన్ చేసేది ఎక్కించినోడికే. ఆ చానెల్ పాస్‌వర్డ్ డక్కలి ఇంట్లో ఎందుకు లేదో అడగాలి.