పాత పడవ కొలత, లారీ ఇంజన్ బలం

1962లో కెరల్ షెల్బీ అనే అమెరికన్ రేసు డ్రైవర్ ఇంగ్లండ్‌లో తయారైన తేలికపాటి ఏసీ కారులో ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టించాడు. అలా పుట్టిన కోబ్రాను చూసి ఫైబర్ బాడీ కట్టి, మరో కారు ఇంజన్ బిగించి, ఇంట్లోనే నకళ్లు తయారుచేసుకునేవాళ్లు నేటికీ దేశదేశాల్లో ఉన్నారు. దాన్ని ముచ్చటైన అభిరుచి అంటాం. అలాంటి పనే గోదావరి డెల్టాలో బతుకుతెరువు కోసం జరిగితే మాత్రం ‘నాటు పని’ అని తీసిపారేస్తాం. కోరంగి, తాళ్లరేవు ఒడ్డునా, కాకినాడ ఉప్పుటేరు గట్ల మీదా వడ్రంగి మేస్త్రులు కాగితం మీద గీత గీయకుండానే బోటు కడతారు. లారీ కోసం పుట్టిన ఇంజన్ దాని కడుపులో చేరుతుంది. ఒకదాని కోసం ఒకటి పుట్టని ఈ రెండింటికీ పొంతన కుదర్చడమే ఇక్కడి అసలు విద్య. అది ఇంజనీరింగే. ఆ గౌరవమూ, దానితోపాటు వచ్చే బాధ్యతా రెండూ దానికి దక్కాలి.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. 1669-79 మధ్య బంగాళాఖాతం తీరాల్లో తిరిగిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ నరసాపురం ప్రాంతపు ఓడల పనిని మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు వర్తకులు అక్కడ ఓడలు కట్టించుకునేవారని రాశాడు. మంచి కలప, ఇనుము, పనివాళ్లు ఒకేచోట దొరకడమే అందుకు కారణం. తర్వాతి కాలంలో కోరంగి పెద్ద ఓడరేవై, బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అన్న పేరు తెచ్చింది. 1839 నవంబరు తుపాను ఆ రేవును దెబ్బతీసినా పనితనం మాత్రం చేతుల్లో మిగిలింది.

నకలుకు ఏం నైపుణ్యం కావాలన్నది మొదటి ఆక్షేపణ. మేస్త్రి నమూనాగా తీసుకునేది సముద్రం ఏళ్ల తరబడి పరీక్షించి వదిలిన బోటును. పొడవు, వెడల్పు, లోతు కొలిచి కొత్తదానికి అడుగుదూలం పరుస్తాడు. వంపు కావలసిన చోట తిన్నని చెక్కను కోసి వంచడు; వంగి పెరిగిన తుమ్మ మొద్దునే వెతుకుతాడు. తిన్నని చెక్కలో వంపు కోస్తే నార మధ్యలో తెగి, అల దెబ్బకు అక్కడే చీలుతుంది. వంగి పెరిగినదానిలో నార వంపు వెంటే సాగుతుంది. పలకల సందుల్లో దూది కూరతారు. నీళ్లు తగిలి చెక్క ఉబ్బాక ఆ సందు ఇంకా బిగుస్తుంది. ఈ కారణాలన్నీ తెలిసి కట్టేదాన్ని గుడ్డి నకలు అనలేం.

అసలు పరీక్ష ఇంజన్ దగ్గర మొదలవుతుంది. ఇక్కడి మరబోట్లలో కనిపించే అశోక్ లేలాండ్ ఇంజన్ల మూలం లారీ ఇంజన్లే. లారీ ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు శ్రమపడి, పల్లంలో ఊపిరి తీసుకుంటుంది. బోటులో ఆ విరామం ఉండదు, గంటల తరబడి ఒకే బరువు లాగాలి. గాలి తగిలే రేడియేటర్ అక్కడ పనికిరాదు. సముద్రపు నీటితో వేడి తీసే ఏర్పాటు కావాలి. రోడ్డు గేర్‌బాక్స్ పోయి, వెనక్కి తిప్పగలిగే, ప్రొపెల్లర్ వేగాన్ని తగ్గించే గేర్ వస్తుంది. ఇంజన్, షాఫ్టు కలిసేచోట రెండు బిళ్లల మధ్య పైన, కింద, కుడి, ఎడమల ఫీలర్ గేజ్ దూర్చి సందు చూస్తారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజన్ కాళ్ల కింద పలుచని రేకులు పెట్టి సరిచేయాలి. లేదంటే బేరింగులు అరిగిపోతాయి. చివరి సర్దుబాటు గట్టు మీద కాదు, బోటు నీళ్లలోకి దిగాకే చేయాలి. నీళ్లలో చెక్క శరీరం కాస్త సర్దుకుంటుంది, గట్టు మీద కుదిరిన సూటి అక్కడ నిలవదు.

ఇంకా పెద్ద ఇంజన్ పెడితే మేలు కదా అన్నది రెండో మాట. నీళ్లను తోసుకుంటూ పోయే బోటుకు వేగం హద్దు దాని పొడవులోనే ఉంది. నీటిమట్టం దగ్గర పొడవు 36 అడుగులైతే ఆ హద్దు సుమారు 8 నాట్లు. ప్రొపెల్లర్ తిరిగే వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. హద్దు దాటించబోతే డీజిల్ కాలుతుంది, బోటు తాను లేపిన అలనే ఎక్కలేక ఆయాసపడుతుంది. షెల్బీకీ ఈ లెక్క తప్పలేదు: 1965లో మరింత పెద్దదైన 427 ఇంజన్ పెట్టడానికి కోబ్రా చాసిస్‌నే మార్చాల్సి వచ్చింది.

మూడో ఆక్షేపణ భద్రత గురించి, అన్నిటికన్నా బరువైనది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాక ‘అనుభవం ఉందిలే’ అన్న భరోసా ఎవరికీ చాలదు. చేతి అంచనా ఎంత గట్టిదైనా, ఇంజన్ మారితే బరువు మారుతుంది, నిలకడ మారుతుంది. అందుకు విరుగుడు ఈ పనిని ఆపడం కాదు, కొలవడం. తెలిసిన బరువును బోటుపై ఓ పక్కనుంచి మరో పక్కకు జరిపి, వేలాడదీసిన గుండు ఎంత ఒరిగిందో చూస్తే నిలకడ లెక్క తేలుతుంది. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, ప్రశాంతమైన ఉప్పుటేరు చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో మరబోట్లు ఎలాగూ ఒడ్డుకు చేరతాయి. కాకినాడలోనే జేఎన్‌టీయూ ఉంది. విద్యార్థులు ఆ రెండు నెలలు మేస్త్రుల పక్కన నిలబడి కొలతలు కాగితం మీద పెడితే, వాళ్లకు పాఠం, బోటుకు ధ్రువపత్రం, మేస్త్రికి గుర్తింపు దక్కుతాయి. ఆ పని వచ్చే వేసవిలోనే మొదలుకావాలి.