తెర మీది గురువు

బాలాపూర్ లాంటి శివారులో గుర్రాన్ని పెంచుకునేవాళ్లకు ఇంటిదగ్గరే డ్రెసాజ్ (గుర్రాన్ని నిర్దేశిత కదలికల్లో నడిపించే విద్య) నిపుణుడు దొరకడం అరుదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 41 ఏళ్ల తర్వాత గుర్రపు స్వారీలో స్వర్ణం తెచ్చిన మన డ్రెసాజ్ జట్టు యూరప్‌లో శిక్షణ పొందింది. ఆ ఖర్చు అందరూ భరించలేరు. ఆ లోటు తీర్చే ఆన్‌లైన్ గురువుల పనితనం మెచ్చదగ్గది. రౌతు పంపిన వీడియోను ఆపి ఆపి చూస్తారు: చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉన్నాయా? ఆగినప్పుడు గుర్రం నాలుగు కాళ్లపై సమంగా నిలిచిందా? ప్రతి కదలికకూ 0 నుంచి 10 దాకా మార్కులు పడే ఈ విద్యలో ముందుగా అలవడాల్సింది ఆ చూపే.

పగ్గంలోని బిగువు తెరకు తెలియదుగా అంటారు. నిజమే, అందుకే కొత్తగా గుర్రమెక్కేవాళ్లకు పక్కన మనిషి ఉండి తీరాలి. కానీ బరి పక్కన నిలబడ్డ గురువుకూ కనిపించేది ఆ బిగువు ఫలితమే. బిగువు తెలిసేది రౌతు చేతికే. ఆ చేతికి తప్పొప్పులు చెప్పి, గుర్రం నోటికి నొప్పి తగ్గించే గురువు ఎంత దూరాన ఉన్నా గురువే.