ఆనోడ్ కూడా ముఖ్యమే

విద్యుద్విశ్లేషణ అనగానే అందరి కళ్లూ కాథోడ్ మీదే ఉంటాయి. పూత పడేదీ, లోహం చేరేదీ అక్కడే కదా! ఆనోడ్ సంగతి ఒక సమీకరణంతో సరిపెట్టేస్తాం. బడి బల్ల మీద దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు కానీ, మలేసియాలోని సరవాక్‌కు వచ్చేసరికి లెక్కే తేడా కొడుతుంది. అక్కడ ప్రెస్ మెటల్ సంస్థ ముకాలో 2009లో, బింటులు దగ్గరి సమలాజులో 2012లో అల్యూమినియం తీయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏటా 10 లక్షల టన్నులకు పైగా తీయగలదు. వాడేది ప్రధానంగా జలవిద్యుత్తు. ఒక్క బకున్ ఆనకట్ట సామర్థ్యమే 2,400 మెగావాట్లు. నీటి కరెంటుతో తీశారు కాబట్టి ఇది కాలుష్యం లేని లోహమని ఎవరైనా అంటే, అది సగం మాటే అంటాను.

ఈ లోహాన్ని తీసేది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ నుంచి. దాన్ని విడిగా కరిగించాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే ఉపాయం పట్టారు: కరిగిన క్రయోలైట్‌లో దాన్ని కలిపితే 960 డిగ్రీల దగ్గరే పని అవుతుంది. అల్యూమినియం అయాన్ మూడేసి ఎలక్ట్రాన్లు తీసుకుని లోహమై అడుగుకు చేరుతుంది. అటు ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ ఊరికే బుడగలై పోదు. ఆ ఆనోడ్ పెట్రోలియం కోక్, తారు కలిపి కాల్చిన కార్బన్ దిమ్మ. ఆక్సిజన్ దాన్ని తినేస్తూ కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వస్తుంది. సుమారు నాలుగు వారాలకు దిమ్మ అరిగిపోతే, మిగిలిన మొండిని క్రేన్‌తో పైకి లాగి కొత్తది దించుతారు. ఫారడే నియమం ప్రకారం 12 మోల్‌ల ఎలక్ట్రాన్లు నడిస్తే 108 గ్రాముల లోహం, 132 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. వచ్చిన లోహం కంటే వచ్చిన వాయువే బరువు! కరెంటు ఏ నది నుంచి వచ్చినా ఈ లెక్క మారదు.

బొగ్గు కరెంటు పొగ ముందు ఇదెంత అనవచ్చు. న్యాయమైన మాటే. కిలో అల్యూమినియానికి దాదాపు 14 యూనిట్లు కావాలి. అవి బొగ్గువైతే పొగ ఆనోడ్ వాటాకు ఎన్నో రెట్లు ఉంటుంది. జలవిద్యుత్తు తెచ్చిన మేలును నేను కాదనను. కానీ ఆ పెద్ద పద్దు కొట్టేశాక ఖాతాలో ముఖ్యంగా మిగిలేది ఈ చిన్నదే. మరి అరగని ఆనోడ్ పెడితే సరిపోదా? కెనడాలో ఆ ప్రయత్నం సాగుతోంది. అయితే కార్బన్ ఊరికే కాలిపోవడం లేదు, కరెంటు చేయాల్సిన పనిలో కొంత తానూ మోస్తోంది. కార్బన్ ఉంటే అల్యూమినాను విడదీయడానికి సిద్ధాంతరీత్యా దాదాపు 1.2 వోల్టులు చాలు, లేకపోతే 2.2 కావాలి. సెల్ అమరికలో మార్పులతో ఈ తేడాను కొంత పూడ్చుకోవచ్చంటారు, చూడాలి. పూడకపోతే ఆ వోల్టును సరవాక్ నదులే ఇవ్వాలి. బకున్ కోసం దాదాపు 10 వేల మంది ఆదివాసులను సుంగై అసాప్‌కు తరలించారు కాబట్టి, అక్కడ ఒక వోల్టు అంటే కరెంటు బిల్లు ఒక్కటే కాదు.