కోతి ముఖం, మనిషి నడక

ఉంగుటూరు దాటి కొల్లేటి వైపు వెళ్తుంటే చేపల చెరువుల గట్ల మీద కొంగలు ఒంటికాలిపై నిలబడి కనిపిస్తాయి. కళ్లు మూసి తపస్సు చేస్తున్నట్టే ఉంటుంది, చేప కదిలేదాకా. దొంగభక్తుణ్ణి చూస్తే మనవాళ్లు ‘కొంగజపం’ అనేది అందుకే. నక్క వినయాలు, మొసలి కన్నీరు, ఉడతాభక్తి... మనిషి గుణాలకు జంతువుల ముఖాలు తొడగడం తెలుగు నోటికి పాత అలవాటు. నోటిమాటగా ఉన్న ఈ బొమ్మలను తోలు మీదికి ఎక్కించి, వెనక దీపం పెట్టి చూపించినవాళ్లు తోలుబొమ్మలాట కళాకారులు.

ఈ ఆట పాతది. పాల్కురికి సోమనాథుడి కాలానికే మన కావ్యాల్లో దీని ప్రస్తావన ఉంది. కోస్తాలో కాకినాడ దగ్గరి మాధవపట్నం, సీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట దీనికి పేరుపడ్డ ఊళ్లు. ఆటకు ఆధారం ఎక్కువగా రంగనాథ రామాయణం. వాల్మీకంలో లేని ఉడుత కథ మన జనంలోకి వచ్చింది ఆ ద్విపద కావ్యం నుంచే. సేతువుకు ఇసుక మోసిన ఆ చిన్నప్రాణి మన సామెతల్లో స్థిరపడిపోయింది.

బొమ్మ తయారీ తోలుతో మొదలవుతుంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, రెండువైపులా గీకి, లాగి కట్టి ఆరబెడతారు. ఎంత పలచగా గీకితే వెలుగు అంత బాగా దిగుతుంది. ముందు నల్లగీతతో రూపం గీస్తారు. తర్వాత చిన్న చిన్న ఉలులతో చిల్లులు పొడుస్తారు. దీపం ముందు పెట్టగానే ఆ చిల్లులే కంటెలు, వడ్డాణాలు, పంచె అంచులు అవుతాయి. నగకు రంగు అక్కర్లేదు, వెలుగు చాలు. ఆ పైన రెండువైపులా రంగులు. భుజం, మోచెయ్యి వంటి కీళ్ల దగ్గర ముక్కలను దారంతో ముడివేసి, నడుమకు వెదురు దబ్బ కడితే బొమ్మ సిద్ధం. పెద్ద బొమ్మలు మనిషి ఎత్తున ఉంటాయి. ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు.

చూడవలసిన నేర్పు వానర బొమ్మల్లో ఉంది. సుగ్రీవుడికి కోతి మూతి, తోక ఉంటాయి. మిగతాదంతా మనిషే: కిరీటం, హారాలు, పంచెకట్టు, రెండు కాళ్ల నడక. కీళ్ల చెయ్యి ఎత్తి వాలిని సవాలు చేస్తుంటే, చూసేవాడికి పక్క చేలో గట్టు తగాదా పడే అన్నదమ్ములే గుర్తొస్తారు. మూతి మాత్రమే జంతువుది కాబట్టి ఎవరూ నొచ్చుకోరు, ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది. అదే తెర మీద బంగారులేడిని చూడండి. తల నుంచి గిట్టల దాకా అచ్చం జంతువే. కానీ లోపల ఉన్నది మారీచుడు. సగం మనిషిగా కనిపించేది నమ్మదగిన ప్రాణి, పూర్తిగా జంతువుగా కనిపించేది మోసం! ఇంత లోతైన మాటను ఒక్క పద్యమైనా లేకుండా గీతతోనే చెప్పగలగడం ఈ కళ గొప్పతనం.

ఇంకో మెలిక ముడిసరుకులోనే ఉంది. జంతువు తోలు మీదే జంతువు ముఖం గీసి, అందులోంచి మనిషిని చూపిస్తారు. తోలు, వెదురు, ఆముదం, ఆకుల బెరడుల రంగులు అన్నీ ఊరి చుట్టుపక్కల దొరికినవే. దేవతల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. రాముణ్ణి కూడా మేకతోలే మోస్తోంది. కళకు నష్టమేమీ రాలేదు, జింక బతికింది.

జటాయువు సంగతి వేరు. నిమ్మలకుంట ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే లేపాక్షి ఉంది. జటాయువు నేలకూలిన చోటు అదేనని స్థలపురాణం. తెర మీద రెక్క తెగిన ఆ రాబందు ఇప్పటికీ రావణుడితో పోరాడుతూనే ఉంది. తెర బయట రాబందులు మాత్రం కరువయ్యాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిని చంపుతోందని తేలాక, 2006లో పశువైద్యంలో దాన్ని దేశంలో నిషేధించారు. రావణుడి కత్తికి చేతకానిది మందుసీసా చేసింది.

2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ దక్కింది. ఆటలు తగ్గాయి, తోలు దీపపు గొడుగులు, గోడబొమ్మలు అమ్ముకుని కుటుంబాలు నిలబడుతున్నాయి. గీత, ఉలి, రంగు బతికే ఉన్నాయి. కావలసింది కొత్త కథలు.

అందుకు సరుకు మా కొల్లేటి దగ్గరే ఉంది. పంచతంత్రంలో కొంగ, చెరువు ఎండిపోతోందని చేపలను భయపెట్టి, కాపాడతానంటూ ఒక్కొక్కదాన్నే ముక్కున కరచుకుపోతుంది. కొల్లేరుకు 1999లో అభయారణ్యం హోదా వచ్చింది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అయినా సరస్సును గట్లు వేసి పంచుకున్నారు. 2006లో ప్రభుత్వమే వాటిని కొట్టించవలసి వచ్చింది. ఈ కథను తోలు మీద గీయాలంటే కళాకారుడికి కొంగ ముక్కు గీయడం కష్టం కాదు. దాని కింద ఎవరి పంచెకట్టు, ఎవరి చేతి గడియారం పెట్టాలన్నదే ఆలోచించాలి. తెర ముందు కూర్చునేది మనమే కాబట్టి, ఆ పంచె అంచు చూడగానే ఎవరిదో మనం పోల్చుకుంటాం.