పారేసిన ముక్క

రోలుగుంటలో పెళ్లంటే విడిదింట్లో ఒక చాప పేకకోసం విడిగా పరవాల్సిందే. ముహూర్తం తెల్లవారుజామునైతే మరీను. పదమూడు ముక్కల రమ్మీ నేను నేర్చుకున్నది అలాంటి చాపమీదే, మా పెదమావయ్య భుజం పక్కన కూర్చుని. సీక్వెన్సు ఎలా కట్టాలో ఆయన ఎప్పుడో తర్వాత చెప్పారు. మొదటి పాఠం వేరు. "నీ సేతిలో ముక్కలు తర్వాత సూసుకుందువుగాని, ఆడు ఏటి పారేసాడో అది సూడు" అనేవారు. అది డబ్బుల ఆట కాదు. పాయింట్లు కాగితంమీద రాసుకుని, ఓడినవాళ్లు మర్నాడు అందరికీ టీలు ఇప్పించేవారు.

పేకాటలో గెలిపించేది అదృష్టమా, నేర్పా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఎన్ని ఆటల లెక్క అడుగుతున్నారు? ఒక్క ఆటకైతే ఒక జవాబు, వెయ్యి ఆటలకైతే మరో జవాబు. పోకర్ టోర్నమెంట్ల గురించి చదవడం మొదలుపెట్టాక ఈ నమ్మకం నాలో ఇంకా గట్టిపడింది.

ముందు మన రమ్మీ చూద్దాం. పంపకంలో ఎవరి నేర్పూ పనిచేయదు, ముక్కలు చేతిలో పడ్డాకే దాని పని. ఆఠీను ఐదు, ఆరు వచ్చాయనుకోండి. నాలుగు పడినా ఏడు పడినా వరస కుదురుతుంది. రెండు పేకలు కలిపి ఆడతాం కాబట్టి పనికొచ్చే అసలు ముక్కలు నాలుగు. అదే ఐదు, ఏడు పట్టుకుని కూర్చుంటే మధ్యలో ఆరు ఒక్కటే దిక్కు, అవి రెండే. ఆసు, రెండు పట్టుకున్నవాడిదీ అదే గతి, మూడు రావాల్సిందే. ఇక ఆఠీను నాలుగులు రెండూ ఎవరో పారేసి ఉంటే నాలుగు అవకాశాలున్న నా జత కూడా రెండుకు దిగిపోయింది. కిందికి వెళ్లిపోయిన ముక్కను మళ్లీ తిరగేసి చూడకూడదు, గుర్తుండాలి. పెదమావయ్య మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

దీనికంటే కష్టమైన విద్య ఇంకొకటుంది, వదిలేయడం. ముక్కలు చూసుకున్న వెంటనే డ్రాప్ అంటే 20 పాయింట్లు. ఆట మధ్యలో అంటే 40. చివరిదాకా పట్టుకుని కూర్చుంటే, ఎదుటివాడు షో కొట్టినప్పుడు 80 దాకా పడతాయి. ఇన్నేళ్లలో నేను చూసిన మంచి ఆటగాళ్లందరినీ ఈ ఇరవైని బట్టే పోల్చుకోగలిగాను. చెడ్డ పంపకం వాళ్లకూ మాలాగే వస్తుంది. దానికి వాళ్లు చెల్లించేది మాత్రం తక్కువ. "ఒక్క ముక్క పడితే చాలు" అంటూ మిగతావాళ్లం ఎనభై రాయించుకుంటాం. ఒక రాత్రిలో ఈ తేడా కనిపించకపోవచ్చు, నలుగురైదుగురి పెళ్లిళ్లు దాటేసరికి కాగితాలే చెబుతాయి.

పోకర్‌లో ఎక్కువమంది ఆడే టెక్సాస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, బల్లమీద అందరికీ ఉమ్మడిగా ఐదు తెరుస్తారు. రెండు ఆసులు చేతికి రావడం 221 పంపకాలకు ఒకసారి. అంత గొప్ప జత కూడా రాజుల జతతో తలపడితే ఐదింట నాలుగుసార్లే గెలుస్తుంది. సొంత ఇంట్లో రోజూ ఆడుకునేవాడికి ఆ ఐదోసారి ఓటమి పెద్ద లెక్కలోది కాదు, రేపు మళ్లీ కూర్చుంటాడు. టోర్నమెంటులో ఆ వెసులుబాటు లేదు. చిప్స్ అన్నీ పోతే లేచి వెళ్లిపోవాలి. పైగా గడియారం ప్రకారం కనీస పందెం పెరుగుతూ ఉంటుంది, మంచి ముక్కలు వచ్చేదాకా కాచుకుని కూర్చోనివ్వదు. తన దగ్గరున్నదంతా ఒక ఆటగాడు ఐదుసార్లు ఒడ్డాల్సి వచ్చిందనుకుందాం. ఐదుసార్లూ నూటికి ఎనభై పాళ్లు అతనిదే పైచేయి. అయినా ఐదింట్లోనూ నిలబడే అవకాశం మూడింట ఒక వంతే. ఏ తప్పూ చేయకుండా ముగ్గురిలో ఇద్దరు ఇంటికి పోతారు.

లాస్ వెగాస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ చరిత్ర చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. స్టూ అన్గర్ అనే న్యూయార్క్ కుర్రాడు మొదట జిన్ రమ్మీ ఆటగాడు. అందులో అతనికి ఎదురు కూర్చునే మనిషి దొరక్క పోకర్‌కు వచ్చాడు. పారేసిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకునే బుర్ర అది. 1980లో, 1981లో వరసగా గెలిచాడు. ఆ రెండేళ్లలో పోటీపడినవాళ్లు 73 మంది, 75 మంది. 1997లో 312 మంది మధ్య మూడోసారి గెలిచాడు. 1997 తర్వాత ఆ పోటీని రెండుసార్లు గెలిచినవాళ్లే లేరు. ఆటగాళ్ల తెలివి తగ్గిందనుకోను, గుంపు పెరిగింది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఇంటర్నెట్ పోటీలో సీటు సంపాదించి, 839 మంది దిగిన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ తర్వాత ప్రపంచమంతా ఎగబడింది. 2023లో దిగినవాళ్లు 10,043 మంది. అంతమందిలో ఎంత నేర్పరి పేరు చెప్పి పందెం కట్టినా ఓడిపోతాం.

అలాగని నేర్పు భ్రమ కాదు. స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2010 వరల్డ్ సిరీస్ పోటీల లెక్కలు తీశారు. ఆటలు మొదలుకాకముందే నిపుణులుగా పేరున్నవాళ్లను ఒక పక్క, మిగతావాళ్లను ఒక పక్క పెట్టి చూశారు. నిపుణులు పెట్టిన రుసుముమీద సగటున నూటికి ముప్పై పైచిలుకు లాభం పొందారు, మిగతావాళ్లు పదిహేను దాకా పోగొట్టుకున్నారు. ఒక మనిషిని ఒక పోటీలో చూస్తే అదృష్టం కనిపిస్తుంది, వందలమందిని అనేక పోటీల్లో చూస్తే నేర్పు బయటపడుతుంది.

ఈ వాదన మన గడ్డమీద చాలా ముందే కోర్టుకెక్కింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1967 నవంబర్‌లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టంమీద నడిచేది కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలని, అందుచేత అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చారు. చాపమీద కూర్చున్నవాళ్లకు తెలిసిన నిజమే అది. అదే తీర్పులో మరో మాట ఉంది: డబ్బు పెట్టి ఆడించి క్లబ్బువాళ్లు లాభం గడిస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చని. ఆ రెండో మాట మన ఊళ్లదాకా రానేలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబర్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించకముందు, చెరకు డబ్బులు ఫోన్ రమ్మీలో పోగొట్టుకున్న మా ఊరి కుర్రాడొకడు నాతో అన్నాడు: "ఇది నేర్పు ఆట బాబాయ్, సుప్రీంకోర్టే చెప్పింది." నాకు బాధ కలిగింది. కోర్టు చెప్పింది ఆట గురించి. ఆ నేర్పు తనకుందని ఎవరూ తీర్పివ్వలేదు. ఫోన్ ఆటలో నడిపేవాడి కమిషన్ కూడా ఉండేది. సరిసమానమైన ఆరుగురు ఏడాదంతా ఆడుకుంటే, చివరికి ఆరుగురి డబ్బూ కమిషన్ కిందే కరిగిపోతుంది. పక్కవాడికంటే కాస్త బాగా ఆడితే సరిపోదు, ఆ కోత దాటేంత బాగా ఆడాలి. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పు, అదృష్టం అన్న తేడా చూడకుండా డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించినప్పుడు నేను సంతోషించాను. రమ్మీ అంటే ఇష్టం ఉండబట్టే సంతోషించాను.

నన్నయ భారతంలోని నలుడి కథ ఆ కుర్రాడికి చెప్పాను. పుష్కరుడితో జూదమాడి నలుడు రాజ్యం పోగొట్టుకున్నాడు. తర్వాత ఋతుపర్ణుడనే రాజు రథంమీద పోతూ తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ ఇన్నని చూపుతోనే లెక్క చెప్పడం చూసి, తన అశ్వవిద్య ఇచ్చి అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకున్నాడు. ఆ లెక్క వచ్చాకే మళ్లీ పుష్కరుడి ముందు కూర్చున్నాడు. కలి పట్టినంతకాలం తనకేమి రాదో నలుడికి తెలియలేదని నేననుకుంటాను.

కుర్రాడిచేత బ్యాంకు కాగితాలు తెప్పించి, పెట్టింది ఒక వరసలో, వచ్చింది ఒక వరసలో ఇద్దరం రాశాం. గెలిచిన రోజులు తేదీలతో సహా అతనికి గుర్తున్నాయి. ఓడినవి కాగితంమీద చూపిస్తే తప్ప గుర్తురాలేదు. తొలి ముక్కలు చూసి ఎన్ని ఆటల్లో డ్రాప్ చెప్పావని అడిగాను. "డ్రాప్ చేస్తే డబ్బులు పోతాయి కదా బాబాయ్" అన్నాడు. ఆ పూట రెండు పేకలు తెప్పించి, ఇరవైకీ ఎనభైకీ తేడా దగ్గర్నుంచి మొదలుపెట్టాను.